ఊగని ఊరు

మా బాపు నాందేడ్‌లో రైలు దిగి చిన్నమ్మ ఖానావళికి వచ్చేసరికి ఆయన కుడి అరచెయ్యి ఇంకా పసుపుగానే ఉంది. దారిలో ఎక్కడా చెయ్యి కడుక్కోలేదట. ఉమ్రి స్టేషన్‌లో చాయ్ కూడా ఎడమ చేత్తోనే తాగాడట.

"ఏంది బావా, పెండ్లికి పొయ్యచ్చినవా?" అంది చిన్నమ్మ పొయ్యి ముందు నుంచి లేవకుండానే.

"పెండ్లి కంటె పెద్ద పని. విశ్వేశ్వర్‌సాబ్ ఉన్నడా?"

"ఉంటడు. తినే యాళ్లయింది గదా."

చిన్నమ్మ సుందరాబాయి ఇత్వారా బజారు దగ్గరి సందులో ఖానావళి నడిపేది. మిల్లు పనివాళ్లు, కాలేజీ పిల్లలు రెండు పూటలా తినిపోయేవాళ్లు. ఎనభయ్యో సంవత్సరం ఎండాకాలంలో అసెంబ్లీ ఎలక్షన్లు వచ్చేసరికి ముందు గదిని ఒక పార్టీవాళ్లు తీసుకున్నారు. వాళ్ల తరఫున నిలబడ్డ అభ్యర్థిని అందరూ సాహెబు అనేవాళ్లు. మా ఊళ్ల దిక్కు ప్రచారమంతా అక్కడి నుంచే నడిచేది. జీపులు సందు మొగదల ఆగేవి. వచ్చినవాళ్లందరికీ జొన్నరొట్టెలు కావాలి. ఆ రొట్టెలు చేయడానికే చిన్నమ్మ నన్ను ఊరి నుంచి పిలిపించుకుంది. రొట్టెలు వడ్డించే పిల్ల ముందు ఎవరూ గొంతు తగ్గించరు. వాళ్లు మాట్లాడుకునేవన్నీ నా చెవిన పడుతూనే ఉండేవి.

మా ఊరు ఎల్లాపూర్. కర్ఖేలిలో దిగి గట్ల మీదుగా నడిచి పోవాలి. ఇళ్లు తక్కువ. అందరం ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. ఆ ముందు ఏడాది వానలు సరిగా పడలేదు. హోలీ నాటికే ఊరి బావి అడుగంటింది. బావికి మెట్లు లేవు. మోకుకు చెక్క పీట కట్టి, ఒక తేలికైన పిల్లను దాని మీద కూర్చోబెట్టి ఆడవాళ్లు లోపలికి దించేవాళ్లు. అడుగున బండల సందుల్లో ఊరే నీళ్లను ఆ పిల్ల గిన్నెతో తోడి బిందెలో పోయాలి. బిందె నిండితే పైకి లాగుతారు. మొదట దిగింది నేనే. తర్వాత నా చెల్లెలు అనసూయా నేనూ వంతులవారీగా దిగాం, నేను నాందేడ్ వచ్చాక అదొక్కతే దిగుతోంది.

లోపల ఎలా ఉంటుందో నాకు తెలుసు. పైకి చూస్తే ఆకాశం పళ్లెమంత కనపడుతుంది. గోడ మట్టి రాలి నెత్తి మీద పడుతుంది. పైన ఎవరైనా మాట్లాడితే మోత వినపడుతుంది గాని మాట తెలియదు. అనసూయకు చీకటంటే భయం. ఆ భయానికి దిగినప్పటి నుంచి పైకి వచ్చేదాకా మరాఠీ ఎక్కాలు గట్టిగా చదువుతుంది. "బే ఏకే బే, బే దుణే చార్" అని రెండో ఎక్కంతో మొదలుపెట్టి పదో ఎక్కం దాకా. ఆ గొంతు వినపడుతున్నంతసేపు పైన మోకు పట్టుకున్న మా అమ్మకు ధైర్యం. హోలీ రోజుల్లో పదో ఎక్కం పూర్తయ్యేసరికి బిందె నిండేది.

ఉగాది తర్వాత పార్టీ జీపు మా ఊరికి వచ్చింది. జీపులో నిలబడి, ప్రచారం నడిపించే విశ్వేశ్వర్ కాకా ఒక మాట చెప్పాడు. "ఊరు ఊరంతా ఒక్క మాట మీదుండుండ్రి. బోరు సంగతి నాకిడిసిపెట్టుండ్రి." ఆయన ప్రతి ఊళ్లోనూ అదే మాట చెప్పేవాడని తర్వాత నాందేడ్‌లో నేను విన్నాను. మా బాపుకు ఆ సంగతి తెలియదు. ఆ మాట ఆయన మనసులో నాటుకుపోయింది.

ఒక్క మాట అంటే మా దిక్కు ఒకటే దారి. బేల్-బండారి ఎత్తాలి. మల్లన్న గుడి ముందు పళ్లెంలో మారేడాకులూ, బండారి అనే మల్లన్న పసుపూ పెడతారు. ఇంటికొక మనిషి వచ్చి రెంటినీ కుడిచేతిలో పట్టుకుని మాట ఇస్తాడు. పొలం గట్టు తగాదాలు కూడా అక్కడే తెగిపోతాయి. బండారి ఎత్తి చెప్పిన మాటను ఊరి తగాదాలు చూసే పోలీసు పాటిల్ కూడా మళ్లీ అడగడు. అంతకుముందు ఎవరూ ఓటు కోసం బండారి ఎత్తలేదు. బాపు ఇల్లిల్లూ తిరిగి, గడ్డాలు పట్టుకుని అందరినీ ఒప్పించాడు.

ఆ సంగతే ఇప్పుడు చెప్పడానికి వచ్చాడు. కొంగు ముక్కలో కట్టిన బండారీ, వాడిన మారేడాకులూ విశ్వేశ్వర్ కాకా ముందు విప్పి పెట్టాడు.

"ఊరంత ఎత్తినం సాబ్. లోపల ఒకటి, బయట ఒకటి పెట్టుకోం, ఓటు సాహెబుకే అని. ఒక్కిల్లు గూడ తప్పలే."

విశ్వేశ్వర్ కాకా అడకత్తెరతో వక్కలు కత్తిరిస్తున్నాడు. ఆయన సొంతూరు ధర్మాబాద్. గింజల మార్కెట్‌లో అడతి వ్యాపారం. మనిషి నెమ్మది. ఎవరి మీదా గొంతు లేపగా నేను చూడలేదు. ఆయన అడకత్తెర పక్కన పెట్టి, చెప్పులు విడిచి లేచి నిలబడ్డాడు. బండారిని వేలితో తీసి నుదుటికి పెట్టుకున్నాడు.

"లింగన్న గూడనా?" అని అడిగాడు. మా పక్కింటి లింగన్న ఎవరి మాటా వినడని తాలూకా అంతా తెలుసు.

బాపు నవ్వాడు. "ఆయిన జర సతాయించిండు సాబ్. 'ఎద్దును కొనేటోని చేతుల పలుపు పెట్టి, ఆనంక ధర అడుగుతవా నర్సన్నా' అన్నడు. ఇది ఎద్దుల బేరం కాదు, మాట అని నేనన్న. 'నీకు మాట, ఆల్లకు బేరం' అన్నడు. ఆఖరుకు ఆయిన పెండ్లాం జనాబాయే చెయ్యి పట్టి గుడికాడికి గుంజుకచ్చింది. నీళ్లు మోసేది ఆడోల్లు గదా."

గదిలో ఉన్న కుర్రాళ్లంతా నవ్వారు. విశ్వేశ్వర్ కాకా లోపలి నుంచి టవల్, తెల్ల టోపీ, కొబ్బరికాయ తెప్పించాడు. టోపీ బాపు తలమీద తానే పెట్టాడు, టవల్ భుజం మీద వేశాడు. పెద్ద పెద్ద పాటిళ్లకు చేసే మర్యాద అది. బాపు ఎవరి ముందూ తల వంచడం నేను అంతకుముందు చూడలేదు. అప్పుడు వంచాడు.

"నీ అసొంటి మనిషి ఊరికొక్కడుంటె నాకు నిద్ర పడుతుండె నర్సన్నా," అన్నాడు కాకా.

"బోరు బండి సాబ్..."

"నిజామాబాద్ కెల్లి అస్తున్నది. అది నా పని."

బాపు కడుపు నిండా తిన్నాడు. పోయేటప్పుడు వాకిట్లో నా దగ్గర ఆగాడు. టోపీ కొంచెం పెద్దది, చెవుల మీదికి జారుతోంది.

"చెల్లె ఇగ బావిల దిగేది లేదు బిడ్డా. పొయ్యి మీ అమ్మకు చెప్త," అన్నాడు.

కొన్నాళ్లకు ప్రచారం ఆఖరి వారంలో పడింది. ఒక మధ్యాహ్నం జీపుల పని చూసే నందకిషోర్ అన్నం ముందు కూర్చుంటూ అడిగాడు.

"కాకా, బోరు బండి రేపు దిగుతది. ఆ దిక్కు ఒక్కటే బోరుకు సాహెబు ఒప్పుకున్నడు. ఎల్లాపూర్‌కు తోలమంటవా?"

"ఎల్లాపూర్‌కు ఎందుకు?" అన్నాడు విశ్వేశ్వర్ కాకా.

నేను రొట్టెల గంపతో గుమ్మంలోనే నిలబడిపోయాను.

నందకిషోర్ తల గోక్కున్నాడు. "వాల్లు బండారి ఎత్తిన్రు గదా."

"అందుకే అంటున్న." కాకా వక్కల పళ్లెం ముందుకు లాక్కున్నాడు. కత్తిరించిన ముక్కలను వేలితో మూడు కుప్పలుగా జరిపాడు. "ఇగో, ఇవి మనయి. ఇవి పోయినయి. ఇవి ఊగుతున్నయి. మనయి ఎట్లయిన మనయే. పోయినయి నువ్వు ఊరంత బంగారం పరిచినా రావు. పైస, జీపు, బోరు, మటన్, ఏదైన గాని, ఈ ఊగేటియే సూడాలె. ఎక్కువ సేపు ఊగినోనికి ఎక్కువ. ఎల్లాపూర్ పక్కన శిర్‌గావ్ సూడు. పాటిల్ అన్నదమ్ములిద్దరు కోర్టుల ఉన్నరు. అన్న మన దిక్కు. తమ్ముడు పొద్దుగాల మన జీపెక్కుతడు, మాపటికి ఆల్ల జీపెక్కుతడు. ఆని యెనుక ఊరు సగముంటది. బోరు శిర్‌గావ్‌ల పడాలె. అది గూడ తమ్ముని వాకిట్ల."

"ఎల్లాపూరోల్లకు ఏం చెప్పాలె?"

"ఏం చెప్పాలె? ఆల్లు అడగరు." కాకా మాట్లాడుతూనే మొదటి కుప్పలోంచి ఒక ముక్క తీసి నోట్లో వేసుకున్నాడు.

నేను రొట్టెలు వడ్డించాను. అందరూ తిని చేతులు కడుక్కుని జీపుల్లో వెళ్లిపోయారు. కాకా ఒక్కడే ఉన్నాడు. కంచం తీయడానికి వెళ్లి నిలబడ్డాను. నేను ఆయనతో అంతకుముందు రొట్టె వేయమంటారా అనే మాట తప్ప ఇంకోటి మాట్లాడలేదు.

"కాకా, ఎల్లాపూర్ మా ఊరు."

"ఎరికే బిడ్డా. నర్సన్న బిడ్డవు గదా నువ్వు." ఆయన సిగ్గుపడలేదు, కోపం కూడా తెచ్చుకోలేదు. "మీ బాపు బంగారమసొంటి మనిషి. గని నువ్వే చెప్పు. మీ ఊరికి బోరేస్తె మీ ఓట్లు పెరుగుతయా?"

"పెరుగయి."

"ఎయ్యకుంటె తగ్గుతయా?"

నేను కంచం తీసుకోవడానికి వంగాను.

"నా జాగల నువ్వుంటె ఏడ ఏస్తవ్?"

"మా చెల్లె బావిల దిగుతది కాకా," అన్నాను.

ఆయన కంచం నా వైపు జరిపాడు. "గెల్చినంక చూద్దాం," అని లేచి చెయ్యి కడుక్కున్నాడు. ఆ లెక్క తప్పని చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. అది తప్పు కాదు గనకే నాకు భయం వేసింది.

వంటింట్లో చిన్నమ్మ అంతా విన్నది.

"నాకు రెండు పార్టీలోల్లు ఎందుకు నమస్తే పెడుతరో ఎరికేనా నీకు?" అంది గొంతు తగ్గించి. "ఈల్లు ముందరి అర్రల తింటరు. ఆల్ల మనిషి పొద్దుగూకంగ ఎనుక వాకిట్లకచ్చి 'అక్కా, ఓటు మరువకు' అంటడు. సరే తమ్మీ అంట. ఇద్దరికీ సరే అంట, ఎవ్వలకూ బండారి ఎత్తలే. మీ బాపు సదువుకోలే సరే, సంతకు గూడ పోలేదా? పో, రేపటి పాసింజరుకు పొయ్యి చెప్పు. ఊర్ల ఒక్క ఇంటి మీద అవతలోల్ల జెండా కట్టుమను. ఒక్కటే జెండా. మళ్ల సూడు, ఈయినే ఉరుక్కుంట అస్తడు."

మర్నాడు కర్ఖేలిలో దిగి ఎండలో నడిచి ఊరు చేరాను. ఇంటి కంటే ముందు బావి వస్తుంది. లోపలి నుంచి అనసూయ గొంతు వినపడుతోంది, ఏడో ఎక్కం. అమ్మా, జనాబాయీ, ఇంకో ఇద్దరూ మోకు పట్టుకుని కూర్చున్నారు.

"ఇంకా ఏడో ఎక్కంలనే ఉన్నదా?" అన్నాను.

"రెండోపారి," అంది అమ్మ. "ఒకపారి పది దాక అయిపోయింది. ఇప్పుడు బిందెకు రెండుసార్లు సదువుతున్నది."

"నేను దిగుత అమ్మా, దాన్ని పైకి గుంజుండ్రి."

అమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "ఖానావళి తిండి తిని బరువైనవ్. మోకు పాతది."

ఇంట్లో బాపు ఉన్నాడు. టోపీ గోడకు మేకుకు తగిలించి ఉంది, దుమ్ము పడకుండా దానిమీద పాత గుడ్డ కప్పి ఉంది. నేను అంతా చెప్పాను. వక్కల కుప్పల సంగతి కూడా చెప్పాను.

"గట్ల అన్నడా?"

"అన్నడు బాపూ."

"నవ్వుకుంట అన్నడా?"

"లేదు. మామూలుగనే అన్నడు."

నవ్వి ఉంటే బాగుండునని ఆయన మొహంలో కనపడింది. నవ్వితే కోపం తెచ్చుకోవచ్చు.

చిన్నమ్మ చెప్పిన జెండా మాట కూడా చెప్పాను. "ఓటు సాహెబుకే ఏద్దాం బాపూ. జెండా ఒక్కటే కడుదాం. మాట తప్పినట్టు కాదు."

"లోపల ఒకటి, బయట ఒకటి పెట్టుకోం అని గూడ అన్నం గదా బిడ్డా."

అప్పుడే అమ్మ బిందెతో లోపలికి వచ్చింది. ఆమె అంతా వినే వచ్చినట్టుంది. బిందె దింపి, "మోకు తెగితె నీ బండారి అచ్చి గుంజుతదా పొల్లను?" అంది.

బాపు ఆమె వంక చూడలేదు. "ద్రౌపదీ, రోజూ రెండుపూటల పొల్ల ఆ బావిల ఉంటది. బండారి ఎత్తి తప్పినోల్ల ఇంట్ల పిల్లల మీదికే అస్తది. నీకెరికే. ఇసొంటప్పుడు నన్ను మాట తప్పుమంటవా?"

అమ్మ బిందెను మూలకు జరిపింది. అనసూయ తడిచిన పరికిణీ పిండుకుంటూ గడపలో నిలబడి, "అక్కా, నాందేడ్ కెల్లి ఏం తెచ్చినవే?" అని అడిగింది. నేను ఏమీ తేలేదు.

బాపు ఆ సంగతి ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. చెప్పాలన్నా ఎలా మొదలుపెట్టాలో తెలియక కావచ్చు. తెల్లవారి పొద్దెక్కుతుండగా ఊరి బయట దుమ్ము లేచింది. పెద్ద లారీ, దానిమీద పొడుగాటి ఇనుప గొట్టాలు. వెనక నీళ్ల ట్యాంకరు. పిల్లలు "బోరు బండి, బోరు బండి" అని అరుస్తూ ఉరికారు. ఆడవాళ్లు చేతిలో పనులు వదిలేసి వచ్చారు. జనాబాయి పళ్లెంలో పసుపుకుంకుమలూ కొబ్బరికాయా పట్టుకుని వచ్చింది. ఎవరో లోపలికి పోయి బాపు టోపీ తెచ్చి ఆయన తల మీద పెట్టారు. అనసూయ నా చెయ్యి పట్టుకుని ఎగురుతోంది. బాపు మాత్రం ఉన్నచోటు నుంచి కదలలేదు.

లారీ మల్లన్న గుడి ముందు ఆగింది. డ్రైవర్ కిందికి దిగకుండానే, జనాబాయి టైరుకు బొట్టు పెడుతుంటే విచిత్రంగా చూసి, టోపీ పెట్టుకున్న మనిషే ఊరి పెద్ద అనుకుని బాపును అడిగాడు.

"శిర్‌గావ్ కిధర్ సే జానా, చాచా?"

జనాబాయి టైరు దగ్గరి నుంచి వెనక్కి జరిగింది. బాపు చెయ్యెత్తి చూపించాడు. వాగు దాటి ఎడమ చేతికి తిరగమన్నాడు. వాగులో ఇసుక ఎక్కువ, బరువు బండి దిగబడుతుంది, కొంచెం పైకి పోతే గట్టి నేల ఉందని కూడా చెప్పాడు. లారీ కదిలిపోయింది. దాని ముందు టైరు మీద కుంకుమ బొట్టు తిరుగుతూ పోయింది.

"నీకు ముందుగాలే ఎరికేనా?" అని లింగన్న అడిగాడు.

"నిన్న ఎరికైంది," అన్నాడు బాపు.

లింగన్న తిడతాడనుకున్నాను. తిట్టలేదు. ఇంట్లోకి పోయి చెప్పులు తొడుక్కుని వచ్చాడు. "అవతలోల్ల జెండా తెచ్చి నా ఇంటి మీద కడుత, అప్పుడన్న మన ధర అడుగుతరు. బండారి ఎత్తేటప్పుడే నా మనసు సగం లేదు, మల్లన్నకెరికే. అస్తె నా మీదికే రానీ," అని కర్ఖేలి దారిన పోయాడు. జనాబాయి పళ్లెం పట్టుకుని అక్కడే నిలబడి ఉంది, ఆపలేదు.

పొద్దు వాలేసరికి ఖాళీ చేతులతో తిరిగి వచ్చాడు. మా అరుగు మీద కూలబడి నీళ్లడిగాడు. అమ్మ చిన్న చెంబులో ఇచ్చింది.

"ధర్మాబాద్‌ల అవతలోల్ల ఆఫీసుకు పొయిన," అన్నాడు. "ఎల్లాపూర్ అన్నగనే ఒకని మొకం ఒకడు సూసుకున్నరు. బండారి ఎత్తిన ఊరుకు జెండా ఎందుకు కాకా, గుడ్డ దండుగ అన్నరు. నేను ఒట్టేసిన. అంబదాస్ అని ఒక పొలగాడు, మన ఊరి సుశీలాబాయి మేనల్లుడే, ఏమన్నడో ఎరికేనా? బండారి తప్పుతనని ఒట్టేసినోని ఒట్టును నమ్మాల్నా కాకా అన్నడు. అందరు నవ్విన్రు."

"తిట్టిన్రా?" అని బాపు అడిగాడు.

"ఎందుకు తిడుతరు? చాయ్ పోసిన్రు. సగం కప్పు." లింగన్న చెంబు కింద పెట్టాడు. "ఆల్ల లెక్కల మనం పోయిన ఊరు నర్సన్నా. ఈల్ల లెక్కల అచ్చిన ఊరు. ఇద్దరి పని అయిపోయింది మనతోని."

ఓట్ల రోజు మా ఊరివాళ్లు శిర్‌గావ్ బడిలో ఓటు వేయాలి. పొద్దున్నే అందరం నడిచి బయలుదేరాం. నాకు ఓటు లేదు, అమ్మ ముసలివాళ్లను పట్టుకోవడానికి రమ్మంది. వాగు ఇసుకలో లారీ చక్రాల గుర్తులు ఇంకా ఉన్నాయి. బాపు చూపించిన గట్టి నేల మీదుగానే పోయింది. వెనక నుంచి జీపు హారన్ వినపడి పక్కకు జరిగాం. నందకిషోర్ ముందు సీట్లో ఉన్నాడు. లోపల ఇంకా జాగా ఉంది.

"నర్సన్న కాకా, మీరు నడుస్తరు, మాకెరికే," అని నవ్వి చెయ్యి ఊపాడు. ఎగతాళికి అనలేదు. మెచ్చుకునే అన్నాడు. జీపు శిర్‌గావ్‌లోకి పోయి, బడికి నాలుగిళ్ల అవతల ఉన్నవాళ్లను ఎక్కించుకుని బడి ముందు దించింది.

చిన్న పాటిల్ వాకిట్లో కొత్త బోరింగు ఉంది. చుట్టూ సిమెంటు ఇంకా తడిగా ఉంది, చేతిపిడికి వాడిన బంతిపూల దండ. ఆయన వేపచెట్టు కింద నవారు మంచం మీద కూర్చుని పాన్ నములుతున్నాడు. మంచానికి ఇటుపక్క విశ్వేశ్వర్ కాకా పార్టీవాళ్లు, అటుపక్క అవతలివాళ్లు. ఆయన ఇంకా ఓటు వేయలేదట. వెనక పొయ్యి మీద మటన్ ఉడుకుతున్న వాసన వస్తోంది.

మా వాళ్లు బోరింగు దగ్గర ఆగారు. ఒకరు కొడుతుంటే ఒకరు దోసిలి పట్టి తాగారు. నీళ్లు చల్లగా, కొంచెం తుప్పు రుచిగా ఉన్నాయి. జనాబాయి కొంగు చాటున బిందె తెచ్చింది. దాన్ని తీసి కింద పెట్టగానే ఇంట్లోంచి ఒక ఆమె వచ్చింది.

"తాగుండ్రి, ఎంతన్న తాగుండ్రి. బిందెలద్దు అక్కా. మా ఊరికే చాలుతలెవ్వు."

"ఒక్కటే బిందె వదినే."

"మా ఓటు పెట్టి తెచ్చుకున్నం. మీ ఓటుకు ఏమిచ్చిన్రు మీకు?"

జనాబాయి బిందె మళ్లీ కొంగు కిందకు తీసుకుంది. ఆ మాట బాపు విన్నాడు. ఆయన ఒక్కడే నీళ్లు తాగలేదు. "నాకు దూపలేదు," అన్నాడు ఎవరూ అడగకుండానే.

బడి ముందు వరసలో బాపు మొదట నిలబడ్డాడు. ఆ పొద్దు టోపీ పెట్టుకోలేదు, టవల్ మాత్రం భుజం మీద ఉంది. ఒక్కొక్కరే లోపలికి పోయి వేలి మీద సిరా గుర్తుతో బయటికి వచ్చారు. చివరికి లింగన్న బయటికి వచ్చి బాపు ముందు నిలబడ్డాడు.

"ఏసిన," అన్నాడు. "సాహెబుకే. అటు గుద్దుదామనే పొయిన నర్సన్నా. చెయ్యి పోలే."

బాపు ఆయన భుజం పట్టుకున్నాడు. ఇద్దరూ అందరితో కలిసి వాగు వైపు నడిచారు. మేము వాగు దాటుతుండగా వెనక నుంచి కేకలూ, డప్పులూ వినపడ్డాయి. చిన్న పాటిల్ ఓటు వేయడానికి లేచాడట.

ఇల్లు చేరేసరికి సాయంత్రమైంది. పొద్దున నీళ్లు తోడలేదు గనక అన్ని ఇళ్లలోనూ బిందెలు ఖాళీగా ఉన్నాయి. అలసిపోయిన కాళ్లతోనే ఆడవాళ్లు బావి దగ్గరికి వచ్చారు. అనసూయ పీట మీద కూర్చుని మోకు రెండు చేతులతో పట్టుకుంది. అప్పుడు బాపు వచ్చాడు.

"మగోనివి, నీకేం పని ఈడ?" అంది జనాబాయి.

బాపు బావి ఒడ్డున కూర్చున్నాడు. అమ్మ చేతిలోంచి మోకు తీసుకున్నాడు. మోకు గరుకు, అరచేతులు ఒరుసుకుపోతాయని భుజం మీది టవల్ తీసి మోకుకు చుట్టాడు. విశ్వేశ్వర్ కాకా వేసిన టవలే అది. అమ్మ దాని వైపు చూసి కళ్లు తిప్పుకుంది.

"బాపూ, ఇడువకు," అంది అనసూయ.

"ఇడువ బిడ్డా."

మోకు కొంచెం కొంచెంగా జారింది. గోడ మట్టి రాలిన చప్పుడు వచ్చింది. పీట అడుగును తాకినప్పుడు మోకు వదులైంది. కాసేపు ఏమీ వినపడలేదు. బాపు మోకు పట్టుకునే లోపలికి వంగాడు. తర్వాత గిన్నె బండకు గీసుకున్న చప్పుడు, దాని వెనక చిన్నగా "బే ఏకే బే, బే దుణే చార్".

బాపు బడికి పోలేదు. ఆయన నా వైపు వంగి, లోపలికి వినపడుతుందేమో అన్నట్టు మెల్లగా అడిగాడు.

"ఎందాక సదువుతది?"

"పదో ఎక్కం దాక."

"అప్పటికి బిందె నిండుతదా?"

"హోలీకి నిండుతుండె," అన్నాను.

ఎక్కాలు ఒకదాని తర్వాత ఒకటి పైకి వస్తూనే ఉన్నాయి. సిరా గుర్తు పెట్టిన ఆయన వేలు మోకు మీద బిగిసి నల్లగా కనపడుతోంది. "దహా దాహే శంభర్" అని అనసూయ పదో ఎక్కం ముగించింది. మోకు కదిలించి బిందె నిండిందని చెప్పాలి. మోకు కదలలేదు. లోపల గొంతు సవరించుకున్న చప్పుడు వినపడింది.

"బే ఏకే బే," అని మళ్లీ మొదలుపెట్టింది.